'గురు' చిత్రం బలాబలాలు: ఒక ఆడిటరు చూపు

గుంటూరులో ఎం.బి.ఏ. చదువుతున్న ఒక విద్యార్థి తన సెమినారు కోసం మణిరత్నం తీసిన 'గురు' చిత్రాన్ని ఎంచుకున్నారట. అది ధీరూభాయ్ అంబానీ జీవితకథేనా, అందులో మెచ్చుకోదగినవేమిటి, లోపాలేమిటి, దాన్ని చూసి వ్యాపారం గురించి తెలుసుకోగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారుల, నూలు వ్యాపారుల లెక్కలు చూసే ఆడిటరుగా చాలా ఏళ్లు పనిచేశాను, సినిమాలంటే ఇష్టం, కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త వివరంగానే సమాధానం చెప్పగలననుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చిత్రానికి తన కథానాయకుడి ఆకలి, అహంకారం, కాపురం బాగా తెలుసు. కానీ అతని చిట్టా ఆవర్జాలు మాత్రం ప్రేక్షకుడి కంట పడనివ్వదు. అందువల్లనే, చివరి అరగంటలో అతని తరఫున అది చేసే వాదన ఎంత ఉత్సాహంగా ఉన్నా నిలబడదు.

మొదటి ప్రశ్నకు క్లుప్తంగా సమాధానం: ప్రేరణ అక్కడిదే, పేరు మాత్రం చెప్పలేదు. 2007 జనవరి 12న విడుదలైన ఈ చిత్రంలో గుజరాత్‌లోని ఇడర్ గ్రామానికి చెందిన బడిపంతులు కొడుకు గురుకాంత్ దేశాయ్ 1951లో తుర్కియే (టర్కీ) వెళ్లి అక్కడ బర్మా షెల్‌లో పనిచేస్తాడు. పై ఉద్యోగం ఇస్తామంటే వద్దని తిరిగివచ్చి, బొంబాయిలో నూలు వ్యాపారిగా మొదలై, పాలియెస్టర్ మిల్లులకూ లక్షలాది వాటాదారులున్న కంపెనీకీ అధిపతి అవుతాడు. ధీరూభాయ్ చోర్వాడ్‌లో బడిపంతులు కొడుకుగానే పుట్టారు. ఏడెన్‌లో ఎ. బెస్సే అండ్ కంపెనీలో పనిచేశారు, 1958 ప్రాంతంలో తిరిగివచ్చి బొంబాయిలో మసాలా దినుసులు, నూలు వ్యాపారం పెట్టారు, 1966లో నరోడాలో మిల్లు కట్టారు, 1977లో తన రిలయన్స్ కంపెనీ వాటాలను ప్రజలకు అమ్మారు. 1986లో వచ్చిన పక్షవాతంతో ఆయన కుడిచేయి దెబ్బతింది. సినిమాలో కూడా నాయకుడి కుడివైపు చచ్చుబడుతుంది. పోలికలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఊరి పేరో దేశం పేరో మార్చినంత మాత్రాన ఎవరూ మోసపోరు. అయితే ఆ మార్పుల వల్ల దర్శకుడికి ఒక స్వేచ్ఛ దొరికింది. ఆ స్వేచ్ఛను ఎక్కడ మంచికి వాడుకున్నాడు, ఎక్కడ తప్పించుకోవడానికి వాడుకున్నాడు అన్నదే అసలు చూడవలసిన విషయం.

మంచికి వాడుకున్నది పెళ్లి విషయంలో. వ్యాపారవేత్తల మీద మన దేశంలో వచ్చిన చిత్రాల్లో భార్య పాత్ర సాధారణంగా రెండు పనులకే పరిమితం: భర్త కష్టాల్లో ఉన్నప్పుడు నగలు తీసి ఇవ్వడం, గెలిచినప్పుడు కళ్లు తుడుచుకోవడం. ఇక్కడ సుజాత ఇంట్లోంచి వెళ్లిపోయి వేరే మనిషిని పెళ్లి చేసుకోబోయి, ఆ ప్రయత్నం చెడి వెనక్కి వచ్చిన అమ్మాయి. గురు ఆమెను పెళ్లాడేది ప్రధానంగా కట్నం కోసం, అంటే వ్యాపారానికి కావలసిన పెట్టుబడి కోసం. ఈ సంగతిని చిత్రం దాచదు, సర్దిచెప్పదు. ఆమెకు తెలిసిన రోజున ఆమె పుట్టింటికి వెళ్లిపోతుంది, అతను వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకోవలసి వస్తుంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్ని కొట్లు, ఎన్ని మిల్లులు, ఎన్ని ఫైనాన్సు కంపెనీలు అత్తింటి సొమ్ముతో మొదలయ్యాయో లెక్కలు చూసినవాళ్లకు తెలుసు. మూలధనం ఖాతాలో మొదటి పద్దు ఎక్కడిది అని అడిగితే 'ఇంటి నుంచి' అని రాయించేవారు, ఏ ఇంటి నుంచి అన్నది చెప్పేవారు కారు. ఆ పద్దును వెండితెర మీద ఇంత నిర్మొహమాటంగా చూపిన చిత్రం నేను మరొకటి చూడలేదు. ఆ తరువాత సుజాత నెమ్మదిగా భాగస్వామిగా మారడాన్ని దర్శకుడు ఉపన్యాసాలతో కాక చిన్న చిన్న పనులతో చూపాడు. చివర్లో మాట పడిపోయిన భర్త పక్కన కూర్చుని, అతని పెదవుల కదలికను బట్టి అతని మాటలు విచారణ కమిషన్‌కు చెప్పేది ఆమే. ఐశ్వర్యారాయ్ నటజీవితంలో ఎన్నదగిన పాత్రల్లో ఇది ఒకటి అంటాను.

రెండో బలం అభిషేక్ బచ్చన్ శరీరం. ముఖం అనకుండా శరీరం అంటున్నది ఆలోచించే. మొదట సన్నగా, తొందరగా, మెట్లు ఒక్కొక్కటి కాక రెండేసి ఎక్కే కుర్రవాడు. తరువాత పొట్ట ముందుకు వచ్చి, చొక్కా ఆ పొట్ట మీద బిగుసుకుని, కూర్చున్నప్పుడు కాళ్లు దూరంగా చాపి, ఎదుటివాడి కుర్చీ కూడా తనదే అన్నట్టు ప్రవర్తించే సేటు. వన్‌టౌన్ గద్దెల మీద ఇటువంటి మనిషిని నేను ఎన్నోసార్లు చూశాను. డబ్బు ఎంత పెరిగినా భాష మారదు, నవ్వు మారదు, బేరం ఆడేటప్పుడు చేయి జాచే తీరు మారదు. ఆ మొరటుతనాన్ని సానబెట్టకుండా ఉంచడం నటుడిదీ దర్శకుడిదీ ఉమ్మడి విజయం. రాజీవ్ మేనన్ ఛాయాగ్రహణం, మన ఎ. శ్రీకర్ ప్రసాద్ ఎడిటింగు ఈ కాలగమనాన్ని అరుపులు లేకుండా నడిపించాయి. ముప్పై ఏళ్ల కాలం జారిపోతున్నట్టు అనిపిస్తుంది కానీ, ఏ సంవత్సరం అన్న అక్షరాల పలకలు పదేపదే పడవు. ఎ.ఆర్. రెహమాన్ పాటల గురించి అందరికీ తెలుసు, వాటికన్నా నేపథ్య సంగీతం గొప్పదని నా భావన. తుర్కియేలో మల్లికా షెరావత్ నర్తించే పాట మాత్రం కథకు ఏ విధంగానూ ఉపయోగపడదు. అది పంపిణీదారులను దృష్టిలో పెట్టుకుని పెట్టినదని విజయవాడ గాంధీనగర్ ఫిలిం ఆఫీసుల మెట్లు ఎక్కినవారికి చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను పట్టి ఉంచినది మాణిక్ దాస్ గుప్తాతో గురుకు ఉన్న బంధం. మిథున్ చక్రవర్తి వేసిన ఈ పాత్ర 'స్వతంత్ర' అనే పత్రిక యజమాని, గురు 'నానాజీ' అని పిలిచే పెద్దాయన. తొలిరోజుల్లో వ్యాపార సంఘం పెద్దల గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టడానికి గురుకు అండగా నిలిచింది ఆయనే. అతని అడ్డదారులు బయటపడిన తరువాత, మాధవన్ వేసిన యువ విలేఖరి శ్యామ్ సక్సేనాను ముందు పెట్టి యుద్ధం ప్రకటించిందీ ఆయనే. దీని వెనుక ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా ఛాయ ఉందని వేరే చెప్పనక్కర్లేదు. 1986లో ఆ పత్రిక రిలయన్స్ మీద ఎస్. గురుమూర్తి రాసిన వరుస కథనాలు ప్రచురించింది. అదే సంస్థకు చెందిన ఆంధ్రప్రభ మన ఇళ్లలో పొద్దున్నే వచ్చి పడేది కాబట్టి, ఈ పోరు విజయవాడ, గుంటూరు పాఠకులకు ఎక్కడో బొంబాయిలో జరిగిన గొడవగా అనిపించలేదు. చిత్రంలో ఈ ఇద్దరి మధ్య ద్వేషం లేదు. తండ్రీకొడుకుల వంటి ప్రేమ ఉంది, ఆ ప్రేమ చావకుండానే యుద్ధం జరుగుతుంది. ఆయన ఇంట్లో, వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమైన మనవరాలి దగ్గరకు గురు వెళ్లి కూర్చునే సన్నివేశాల్లో, బయట పత్రికలో తన మీద ఏమి అచ్చవుతోందో తెలిసి కూడా అతను ఆ ఇంటి గుమ్మం దాటడం మానడు. ప్రత్యర్థిని దుర్మార్గుడిగా చూపకుండానే అంత ఉద్రిక్తత పుట్టించడం చాలా కష్టమైన పని. ఎయిర్ డెక్కన్ వ్యవస్థాపకుడి జీవితం ప్రేరణగా 2020లో వచ్చిన 'ఆకాశం నీ హద్దురా' ఎంత బాగున్నా, ప్రతి అడ్డంకికీ ఒకే ప్రతినాయకుణ్ణి కారణం చేయడంతో ఆ మేరకు పలచబడింది. 'గురు' ఆ సులువైన దారి పట్టలేదు.

ఇక లోపాలు. వీటిలో మొదటిది మిగతావాటన్నిటికీ మూలం. ఈ మనిషి డబ్బు ఎలా సంపాదించాడు? రెండున్నర గంటలు పైగా చూశాక ఈ ప్రశ్నకు మీరు ఒక పేజీ సమాధానం రాయలేరు. ధైర్యం ఉంది కాబట్టి, మాట నేర్పు ఉంది కాబట్టి, ఎవరినైనా బుట్టలో వేసుకోగలడు కాబట్టి అని మాత్రమే రాయగలరు. వ్యాపారం అలా నడవదు. ఆ కాలపు వ్యాపారం అసలే నడవదు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ప్రకారం ఒక మిల్లు ఎంత ఉత్పత్తి చేయాలో కూడా లైసెన్సే నిర్ణయించేది. దిగుమతులకు వేరే లైసెన్సు. వాటాలు ప్రజలకు అమ్ముకోవాలంటే ఏ ధరకు అమ్మాలో ఢిల్లీలో కూర్చున్న మూలధన నియంత్రణాధికారి చెప్పేవాడు. ఆ పదవి 1992 దాకా కొనసాగింది. 1973-74లో ఆదాయపు పన్ను అత్యధిక శ్లాబులో సర్‌చార్జితో కలిపి నూటికి 97.75 రూపాయలు. కృత్రిమ నూలు మీద సుంకాలు భారీగా ఉండేవి కాబట్టి లోపలి ధరకూ బయటి ధరకూ మధ్య పెద్ద వ్యత్యాసం. రేయాన్ బట్టలు ఎగుమతి చేసినవారికి, దానికి బదులుగా నైలాన్, పాలియెస్టర్ నూలు దిగుమతి చేసుకునే లైసెన్సులు ఇచ్చేవారు. ఎగుమతిలో నష్టం వచ్చినా సరే, ఆ లైసెన్సు మీద తెచ్చిన నూలు ఇక్కడ అమ్మితే వచ్చే లాభం ఆ నష్టాన్ని మింగేసి ఇంకా మిగిలేది. లైసెన్సు కాగితానికే బజారులో ధర పలికేది. ధీరూభాయ్ ప్రతిభ సగం ఈ లెక్కను అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద ఎత్తున అర్థం చేసుకోవడంలో ఉంది. దీన్ని రెండు నిమిషాల సంభాషణలో, రెండు నూలు బేళ్లు పక్కపక్కన పెట్టి, ప్రేక్షకుడికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పవచ్చు. చిత్రం ఆ పని చేయలేదు. అనుమతికి మించి యంత్రభాగాలు తెప్పించాడని, పన్నులు ఎగ్గొట్టాడని, వాటాల ధరలతో ఆడుకున్నాడని విలేఖరి నోట వరుసగా ఆరోపణలు వినిపిస్తాయి తప్ప, అందులో ఒక్కటైనా ఎలా జరిగిందో కళ్లకు కట్టదు.

వాటాల విషయంలో ఈ కొరత ఇంకా బాధిస్తుంది. 1982లో చేతిలో లేని వాటాలు అమ్మి రిలయన్స్ వాటా ధర పడగొట్టాలని చూసిన బేర్ దళారులు, ఆ వాటాలు డెలివరీ ఇవ్వలేక చిక్కుకున్నారు, ఆ సంక్షోభంలో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి కొన్ని రోజులు మూతపడింది. 1985లో పాలియెస్టర్‌కు ముడిసరుకు అయిన పి.టి.ఎ.ను ప్రభుత్వం ఓపెన్ జనరల్ లైసెన్సు జాబితా (విడిగా అనుమతి లేకుండా దిగుమతి చేసుకోగల సరుకుల జాబితా) నుంచి తీసివేసింది. ఆ నిర్ణయానికి ముందు ఎవరు ఎన్ని లెటర్ ఆఫ్ క్రెడిట్‌లు (దిగుమతి సరుకుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు) తెరిచారన్నది పత్రికలకెక్కిన పెద్ద వివాదం. ఒక తేదీ, ఒక నోటిఫికేషను, కోట్ల రూపాయలు: ఇంతకన్నా నాటకీయమైన సామగ్రి ఏ రచయితకు దొరుకుతుంది? హర్షద్ మెహతా కుంభకోణం మీద 2020లో వచ్చిన 'స్కామ్ 1992' వెబ్ సిరీసు బ్యాంకు రసీదులు, రెడీ ఫార్వర్డ్ లావాదేవీల వంటి ఎండిపోయిన విషయాలను కూడా ఊపిరి బిగబట్టి చూసేటట్టు చెప్పింది. పది భాగాల నిడివి దానికి కలిసివచ్చిన మాట నిజమే. అయినా ఒక్క మోసాన్ని పూర్తిగా విప్పి చూపడానికి 'గురు'కు పాటల సమయంలో సగం చాలు.

ఆ కొరత తెచ్చిన చిక్కు చివరి ఘట్టంలో బయటపడుతుంది. విచారణ కమిషన్ ముందు, అప్పటిదాకా నోరు విప్పని గురు ఐదు నిమిషాలు మాట్లాడడానికి అనుమతి తీసుకుని లేచి నిలబడతాడు. సన్నివేశంగా చూస్తే అద్భుతం. వంకర పోయిన మూతితో, ఒక చేయి పనిచేయక, మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచే తీరు, తన్నవలసిన తలుపు తన్ని, దండం పెట్టవలసిన చోట దండం పెట్టి లోపలికి వచ్చానని ఒప్పుకునే తెగువ, చివర నాలుగున్నర నిమిషాల్లోనే ముగించి మిగిలిన అర నిమిషాన్ని కూడా లాభం కింద లెక్కగట్టే చమత్కారం చూసి హాల్లో ఈలలు పడక తప్పదు. కానీ ఆ మాటల్లో జవాబు ఎక్కడుంది? ఫలానా యంత్రాలు ఎలా వచ్చాయి అని అడిగితే, మీ చట్టాలు పేదవాడిని పైకి రానివ్వవు అంటాడు. అది చట్టం మీద విమర్శ, నిజమైన విమర్శ కూడా. పైన చెప్పిన 97.75 అంకె ఒక్కటి చెప్పినా ఆ విమర్శకు ఎముక వచ్చేది. తన కథానాయకుడికి ఉన్న అత్యుత్తమ వాదనను కూడా ఈ చిత్రం అంకెల్లో చెప్పలేకపోయింది. దానికి బదులు గాంధీని తెచ్చింది. ఆయన కూడా చట్టాన్ని ఎదిరించినవాడే కదా అని గురు అడుగుతాడు.

గుంటూరు జిల్లా విద్యార్థికి ఈ వాదనలోని బోలుతనం ఎవరూ చెప్పకుండానే తెలియాలి. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టబోమని బహిరంగంగా ప్రకటించారు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. సర్కారు వచ్చి పశువులను, సామాన్లను జప్తు చేస్తుంటే ఎదురు నిలబడి చూశారు. అంతకుముందు చీరాలలో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్‌లో నెలల తరబడి గుడిసెల్లో ఉన్నారు. గాంధీ స్వయంగా 1922లో అహ్మదాబాదు కోర్టులో నేరం ఒప్పుకుని, ఇవ్వగలిగినంత పెద్ద శిక్ష వేయమని అడిగి ఆరేళ్ల జైలు తీసుకున్నారు. వీళ్లంతా చట్టాన్ని పగటివేళ, పేరు చెప్పి, మూల్యం చెల్లించి ధిక్కరించారు. గురు చేసినది లెక్కల పుస్తకంలో, రాత్రివేళ, లాభానికి. రెండింటినీ ఒకే గాటన కట్టడం పాత్ర చేస్తే అది పాత్ర తెలివి. కానీ చిత్రం ఆ సమయంలో పాత్ర పక్కకు వెళ్లి నిలబడుతుంది. ఎదుటి బల్లమీద ఉన్న న్యాయమూర్తుల్లో ఒక్కరైనా ఆ పోలికను తిప్పికొట్టరు, సంగీతం ఉప్పొంగుతుంది, చాలా అభియోగాలు కొట్టివేసి జరిమానాతో సరిపెడతారు. అన్నట్టు, ధీరూభాయ్ జీవితంలో ఇటువంటి కమిషన్ ముందు ప్రసంగించి గెలిచిన ఘట్టం లేదు. మార్పులు చేసుకునే స్వేచ్ఛను తప్పించుకోవడానికి వాడుకున్నారని పైన అన్నది దీన్ని ఉద్దేశించే.

ఇదే దర్శకుడు ఇరవై ఏళ్ల ముందు 1987లో తీసిన 'నాయకుడు'తో పోల్చి చూడండి. అక్కడా కథానాయకుడు చట్టం బయట పెరిగిన మనిషే, అక్కడా కోర్టు విడుదల చేస్తుంది. కానీ మీరు మంచివారా చెడ్డవారా అని మనవడు అడిగితే ఆ ముసలాయన తనకు తెలియదంటాడు, కోర్టు బయట తాను చేసిన పాత హత్యకు మూల్యంగా తుపాకీగుండుకు బలవుతాడు. 'గురు'లో ఆ సందేహం లేదు. విచారణ తరువాత వచ్చేది స్టేడియం నిండా వాటాదారుల చప్పట్లు. సినిమా తీసిన చేయి అదే అయినా, సందేహించే ధైర్యం మధ్యలో ఎక్కడో తగ్గింది. 1991 తరువాత డబ్బు సంపాదనను చూసే చూపు దేశంలో మారింది, ఆ మారిన చూపుకు ఈ చిత్రం అద్దం పట్టింది అని కొందరు అంటారు. అది కారణం కావచ్చు కానీ సమర్థన కాదు.

మిగతా లోపాలు చిన్నవి. విలేఖరికీ, జబ్బుపడిన ఆ మనవరాలికీ పెళ్లి జరిగే ఉపకథలో విద్యాబాలన్ బాగా చేసినా, శ్యామ్ సక్సేనాకు విలేఖరిగా చేయవలసిన పని మిగలకుండా పోయింది. అతను దస్తావేజు ఎలా సంపాదించాడో, ఎవరిని కలిశాడో మనకు తెలియదు. మిల్లులో పనిచేసే మనిషి ఒక్కడు కూడా పేరుతో కనిపించడు. పాలియెస్టర్ వల్ల ఎవరికి ఏమైందన్న ఊసే లేదు. మంగళగిరి, చీరాల మగ్గాలున్న ప్రాంతంలో కూర్చుని చూసేవారికి ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. టెర్లిన్ (పాలియెస్టర్) చొక్కా పేదవాడికి అందుబాటులోకి వచ్చి, ఇస్త్రీ ఖర్చు తగ్గి, పదేళ్లు చిరగకుండా ఉండడం ఒక నిజం. మిల్లుల చవక బట్టకూ మరమగ్గాలకూ తట్టుకోలేక చేనేత కుటుంబాలు చితికిపోతే, కొన్ని రకాల నేతను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేయవలసి రావడం మరో నిజం. విజయవాడ బట్టల బజారు వస్త్రలతలో ఒకే కొట్టులో, ఒకే బీరువాలో ఈ రెండు బట్టలూ పక్కపక్కనే ఉండేవి. ఎవరి సరుకు ముందు కదులుతోందో సంవత్సరాంతం నిల్వల జాబితా రాసేటప్పుడు మాకు తెలిసిపోయేది.

సెమినారు విషయానికి వస్తే, ఈ చిత్రాన్ని వ్యాపార నిర్వహణ పాఠంగా చూపవద్దు, అందులో ఆ పాఠం లేదు. సంస్థాపకుడి మనస్తత్వం, కుటుంబ పెట్టుబడి, పత్రికకూ వ్యాపారానికీ ఉండే సంబంధం అనే మూడు అంశాలకు ఇది చక్కటి సామగ్రి. కట్నం సంగతి బయటపడే ఘట్టం, నానాజీతో మొదటి ఘర్షణ, కమిషన్ ముందు ప్రసంగం, ఈ మూడు చాలు. ప్రసంగం చూపే ముందు 1951 చట్టం గురించీ, మూలధన నియంత్రణ గురించీ, ఎగుమతికి బదులు ఇచ్చే దిగుమతి లైసెన్సుల గురించీ ఒక పావుగంట చెప్పండి. ఆ తరువాత, న్యాయమూర్తి కుర్చీలో మీరుంటే గురును ఏ ప్రశ్న అడిగేవారో ఒక్కొక్కరినీ రాయమనండి. తెలుగు అనువాదం దొరికినా, వీలుంటే హిందీలోనే చూపించండి. ఆ గుజరాతీ యాసలోనే సగం మనిషి ఉన్నాడు.